అన్నం పళ్ళెం, ఉప్పునీళ్ళు, మూసిన తలుపు

మేము రోజూ అన్నం తినే స్టీలు పళ్ళెమే నా ఊపిరితిత్తులను గాయపరిచిందని డాక్టరమ్మ చెప్పినప్పుడు, నా ఎక్స్‌రే ఇంకెవరి ఎక్స్‌రేతోనో కలిసిపోయిందనుకున్నాను. నవ్వాను కూడా. ఆ నవ్వు దగ్గుగా మారింది. దగ్గు ఆగక గోడ పట్టుకోవలసి వచ్చింది. వరుసలో ఉన్నవాళ్ళంతా మాటలు ఆపి నన్నే చూశారు.

ఇప్పుడు నయం. మెట్లు ఎక్కుతున్నాను. ఒక పేజీని మధ్యలో ఆగకుండా పైకి చదవగలుగుతున్నాను. కానీ ఆ మాట విన్నప్పుడు పుట్టిన అదురు మాత్రం ఇంకా పోలేదు. వంటింట్లో పళ్ళెం కింద పడి మోగితే ఇప్పటికీ ఉలిక్కిపడతాను. రాస్తే కొంత తగ్గుతుందని రాస్తున్నాను. ఇంట్లో కరెంటుతో లోహం మీద బొమ్మలు చెక్కి అచ్చులు తీసేవాళ్ళు మన ఊళ్ళో ఇంకా ఉంటే, నాలాగా పుస్తకం చూసి నేర్చుకుంటూ ఉంటే, వాళ్ళ కోసం కూడా.

మాది గౌలిపుర. మా అత్తగారు బాలమణి ఒకప్పుడు బర్రెలను సాకి పాలు పోసిన ఇల్లు ఇది. బర్రెలు పోయాయి, ఇంటి వెనక కొట్టం మిగిలింది. మా ఆయన యాదగిరి ఫలక్‌నుమా వైపు రైల్వేలో ఎలక్ట్రీషియన్. నేను పదో తరగతి దాకా బడిలో చదివాను, ఆ తరువాతిదంతా లైబ్రరీలో చదివాను. తెలుగు అరలు అయిపోయాక నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు అరలు మొదలుపెట్టాను. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను. ఇంత జరిగాక కూడా ఆ గర్వం నాకు తప్పనిపించడం లేదు.

కింది అరలో అచ్చు బొమ్మల గురించి ఒక బరువైన పుస్తకం ఉండేది. ఎవరూ ఇంటికి తీసుకుపోని పుస్తకం. రాగిరేకు మీద మైనం పూయడం, సూదితో మైనాన్ని గీకి బొమ్మ వేయడం, గీత తెరుచుకున్న చోట లోహాన్ని రసాయనంతో తినిపించి గుంటలు చేయడం, ఆ గుంటల్లో సిరా నింపి కాగితం మీదికి ఒత్తడం, ఇవన్నీ అందులోనే నేర్చుకున్నాను. పూర్వం లోహాన్ని తినిపించడానికి ఘాటైన ఆసిడ్ వాడేవారు. ఆ పొగలు పీల్చి జబ్బుపడ్డవాళ్ళ సంగతి కూడా పుస్తకంలో ఉంది. దానికి మారుగా మైలుతుత్తం, అంటే నీలంగా ఉండే కాపర్ సల్ఫేట్, కలిపిన నీళ్ళలో రేకు ముంచి, సన్నగా కరెంటు పంపే పద్ధతిని చాలా వివరంగా చెప్పారు. పొగ రాదు, ఘాటు ఉండదు. నాకు నచ్చింది అదే. చెరుకు రసం బండి రోలర్లతో మా ఆయన ఒక ప్రెస్సు చేయించి పెట్టాడు. వానాకాలమంతా రాగి మీద పనిచేశాను. చేతికి చిన్న గీత కూడా పడలేదు.

నవంబరు

రెండు విషయాలు ఒకేసారి జరిగాయి. రాగి ముక్కలు ఇచ్చే దుకాణం మూతపడింది. అదే వారంలో మా అత్తమ్మ నా తొట్టిలోని నీలం నీళ్ళను దగ్గరగా వచ్చి చూసింది.

బర్రెల గిట్టలు కుళ్ళితే మైలుతుత్తం నీళ్ళలో నిలబెట్టడం ఈ ఇంట్లో పాత వైద్యం. ఆమె చిన్నకోడలుగా ఉన్నప్పుడు ఒక దూడ ఆ నీళ్ళు తాగి చచ్చిపోయిందట. ఆ సంగతి చెప్పి, నా వైపు చూడకుండానే అంది:

"నీ సదువు నాకు తెల్వదు బిడ్డా. గీ నీలం నీళ్ళు మాత్రం ఇంట్ల వద్దు. నా కండ్ల ముంగట పానం పోయింది దానికి."

ఆమె నన్ను ఎన్నడూ ఏదీ వద్దనలేదు. లైబ్రరీకి పోతానంటే వంట తాను చేసుకున్న మనిషి. అందుకే ఆ మాట పట్టించుకున్నాను. ఇంట్లో విషం అనేదే లేకుండా పని చేయాలనుకున్నాను. పుస్తకంలో ఒక మూల ఉప్పునీళ్ళలోనూ లోహం కరుగుతుందని ఉంది. ఉప్పు వంటింట్లోనే ఉంది. ఇక లోహం కావాలి. అటక మీద స్టీలు పళ్ళేలు దొంతర్లుగా ఉన్నాయి. పెళ్ళికి, గృహప్రవేశానికి చుట్టాలు చదివించినవి. ఒక్కొక్క దాని అంచున చుక్కలు చుక్కలుగా ఇచ్చినవాళ్ళ పేర్లు కొట్టించి ఉంటాయి. మీ ఇళ్ళలోనూ ఉంటాయి.

ఉప్పు మనం తినేది. పళ్ళెం మనం తినేందుకు వాడేది. ఈ రెండూ కలిస్తే అపాయమేముంటుంది? నేను ఆలోచించింది అంతే. అది నిర్లక్ష్యం కాదు. జాగ్రత్త పడుతున్నాననే అనుకున్నాను. ఇప్పటికీ నన్ను వదలనిది అదే.

రేకులు కోసే దుకాణంలో పళ్ళేల అంచులు కోయించాను, పేరున్న చోటు వదిలేసి. వాటి మీద అత్తమ్మ చెప్పిన బర్రెల బొమ్మలు గీశాను. ఏ బర్రె కొమ్ము ఎటు తిరిగేదో, దేనికి నుదుట తెల్లచుక్క ఉండేదో ఆమెకు ఈనాటికీ గుర్తే. అచ్చు తీస్తే బర్రె పక్కన ఎవరో పెదనాన్న పేరు అద్దంలోలాగా తిరగబడి పడేది. చూసి ఇద్దరం నవ్వుకునేవాళ్ళం.

డిసెంబరు

మా ఆయనకు కరెంటు తెలుసు, కరెంటంటే భయమూ తెలుసు. కొట్టంలో నా కాళ్ళ కింద రబ్బరు చాప పరిచాడు. ఫ్యూజు పెట్టాడు, స్విచ్చు తలుపు పక్కకు మార్చాడు. బండి బ్యాటరీలు ఛార్జి చేసే పెట్టె ఒకటి తెచ్చి, తడి చేతులతో ముట్టవద్దని రోజూ డ్యూటీకి పోతూ చెప్పిపోయేవాడు.

పుస్తకం చెప్పిన కొద్దిపాటి కరెంటుకు స్టీలు లొంగలేదు. అందుకని పెట్టెను ఎక్కువలో పెట్టాను. అప్పుడు పని చకచకా సాగింది. తొట్టి నిండా నురగలాగా బుడగలు లేచేవి. నీళ్ళ మీద సన్నటి ఆవిరిలాంటిది తేలేది. నీళ్ళు పసుపుపచ్చగా మారేవి. గీతల్లో బుడగలు నిలిస్తే బొమ్మ చెడుతుంది కాబట్టి, వాటిని కోడి ఈకతో మెల్లగా తుడవాలని పుస్తకంలో ఉంది. ముఖం తొట్టి మీదికి వంచి తుడిచేదాన్ని. గ్లౌజులతో ఈక పట్టు దొరకదని తీసేసేదాన్ని. బ్లీచింగ్ పౌడరు వాసన వచ్చేది. మోరీల పక్కన మున్సిపాలిటీవాళ్ళు చల్లిపోయాక వచ్చే వాసన. శుభ్రమైన వాసన అనుకున్నాను.

చలి. దోమలు. కొట్టానికి ఉన్న ఒక్క కిటికీలో గోనెసంచి కుక్కి, తలుపు వేసుకునేదాన్ని.

మధ్యాహ్నం అన్నం తిన్నాక అత్తమ్మ కూడా వచ్చి అక్కడే నులక మంచం మీద ఒరిగేది. బర్రెలను అదిలించిన పాత కట్టె మంచం పక్కనే ఉండేది. ఆమె బతుకంతా ఆ కొట్టంలోనే గడిచింది, నిద్ర అక్కడే పడుతుందేమోనని ఊరుకున్నాను.

నెల చివరికి నా వేళ్ళ కణుపుల మీద చిన్న గుంటల్లాంటి పుళ్ళు లేచాయి. నొప్పి పెద్దగా లేదు, మానడం మాత్రం లేదు. పొద్దున ముక్కు చీదితే రక్తం. ఆ తరువాత పొడి దగ్గు. మిరియాల కషాయం తాగాను, పసుపు వేసిన పాలు తాగాను. లైబ్రరీలో దగ్గు గురించి చదివి, చలికాలం దుమ్ము వల్లనేనని నేనే తేల్చుకున్నాను. వీధి చివర క్లినిక్‌లో డాక్టరు అడగకముందే అదే చెప్పాను. ఆయన సరేనని దగ్గుమందు రాశాడు.

ఆడబిడ్డ పుష్ప చూడ్డానికి వచ్చి, నా గొంతు విని, పుస్తకాల దుమ్మే లోపలికి పోయి ఉంటుందంది. "మా వదిన అక్షరాలు నమిలి మింగుతది, అరుగుతలేవు" అని వాళ్ళమ్మతో అంటుంటే నాకూ నవ్వొచ్చింది.

జనవరి

ఆ రోజు ఒక పెద్ద స్టీలు తాంబాలం మీద పని పెట్టుకున్నాను. పెద్దది కాబట్టి ఎక్కువసేపు కరెంటు ఇవ్వాలి. అత్తమ్మ మంచం మీద కళ్ళు మూసుకుని ఉంది. ఈకతో బుడగలు తుడుస్తున్నాను. గొంతులో ఎవరో గరుకు గుడ్డ కుక్కినట్టయింది. దగ్గాను. మళ్ళీ గాలి తీసుకుందామంటే లోపలికి రాలేదు. నోరు తెరిచే ఉంది, గాలి గొంతు దాకా వచ్చి ఆగిపోతోంది. తొట్టి అంచు పట్టుకుని వంగిపోయాను. ఒళ్ళంతా వణుకు.

"సుజాతా" అని వినిపించింది. మళ్ళీ, "ఓ సుజాతా, ఏమైందే? పలుకు."

పలకాలంటే ఊపిరి కావాలి. అంతకు ముందు నాకు ఆ సంగతి తెలియదు. ఒక్క "ఆఁ" అనడానికి కూడా ఊపిరి కావాలి.

ఆ తరువాత నా ముంజేతి మీద ఫెళ్ళున దెబ్బ పడింది. ఇంకొకటి తీగల మీద. పెట్టె కింద పడింది, బుడగలు ఆగిపోయాయి. అత్తమ్మ కట్టెతో నిలబడి ఉంది. ఆ కట్టెతోనే తలుపును వెనక్కి తోసింది. కొంగు పట్టుకుని నన్ను వాకిట్లోకి ఈడ్చింది. అంత బలం ఆ చేతుల్లో ఇంకా ఉందని నాకు తెలియదు.

ఆటోలో నేను ఆమె ఒళ్ళో పడి ఉన్నాను. చార్మినార్ దగ్గర గాజుల దుకాణాల ముందు బండ్లు ఆగిపోతే, ఆటో అతను దిగి "హటో భాయ్, సీరియస్ హై" అని నడిచి మరీ దారి చేయించాడు. అతని ముఖం నాకు గుర్తులేదు. అతని మెడలోని ఎర్ర రుమాలు గుర్తుంది.

ఆసుపత్రిలో మాస్కు పెట్టారు. కొంత గాలి లోపలికి వచ్చాక నర్సు నా చేయి తిప్పి చూసింది. ముంజేతి మీద బొప్పి కట్టి నల్లబడి ఉంది. అత్తమ్మను బయట కూర్చోమని చెప్పి, పరదా లాగి, నా చెవి దగ్గరికి వంగింది.

"ఎవరు కొట్టిన్రు? భయపడకు, నాకు చెప్పు."

"మా అత్త" అన్నాను. అంతకు మించి మాట్లాడే ఊపిరి లేదు. నర్సు ముఖం గట్టిపడింది. పోలీసులకు చెప్పే సంగతి పక్కనున్న ఆమెతో మాట్లాడసాగింది. నేను కాదు కాదని చేతులు ఊపితే భయపడుతున్నానని ఇంకా నమ్మింది. బయట అత్తమ్మను నిలదీస్తే, ఆమె ఏమాత్రం తడబడకుండా తానే కొట్టానని ఒప్పుకుందట.

"కరెంటు పట్టుకుందనుకున్న. ముడితే నేనూ సస్త. కట్టెతోని కొట్టాలె అని నా కొడుకే చెప్పిండు. కొట్టిన. మళ్ళ పట్టుకుంటే మళ్ళ కొడత."

మా ఆయన పరుగెత్తుకుంటూ వచ్చి వివరం చెప్పేదాకా ఆ వార్డులో ఆమెను అందరూ అదోలా చూశారు. చెప్పాక ఆ నర్సే ఆమెకు చాయ్ తెచ్చి ఇచ్చింది.

ఫిబ్రవరి

మొదట ఆస్తమా అన్నారు. ఈ వయసులో కొత్తగా ఎందుకొచ్చిందో తేల్చాలని ఛాతీ ఆసుపత్రికి పంపారు. అక్కడి ఓపీ వరుసలో గడిపిన పొద్దులు ఇప్పటికీ కళ్ళ ముందున్నాయి. అందరం ఒకే రకంగా దగ్గుతాం. దగ్గు ఆగాక ఒకరి ముఖం ఒకరం చూసుకోం. ఒకసారి కుర్చీలు లేక నేను గోడకు ఆనుకుని ఉంటే, బురఖా వేసుకున్న ఒక పెద్దావిడ లేచింది. "బైఠో అమ్మా. మైఁ తో రోజ్ ఆతీ" అంది, తాను రోజూ వచ్చేదే కదా అని. నేను కూర్చున్నాక ఎదురుగా నిలబడి, తన ఎక్స్‌రే కవరుతో నాకు గాలి విసిరింది. ఆమెకూ ఆయాసమే. విసరడం మాత్రం ఆపలేదు.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. నేను దుమ్ము సంగతి మొదలుపెట్టగానే చేయి అడ్డంపెట్టి, ఏం పని చేస్తారని అడిగింది. చెప్పాను. ఉత్సాహంగానే చెప్పాను. ఆసిడ్ వాడనని, పుస్తకం చదివి సురక్షితమైన పద్ధతిలో చేస్తానని. ఆమె నా వేళ్ళ కణుపులు చూసింది. టార్చి వేసి ముక్కులో చూసింది. కలం కింద పెట్టింది.

"ఏ లోహం అమ్మా?"

"స్టీలు. ఇంట్ల తినే పళ్ళేలే మేడం."

"దేంట్ల ముంచిన్రు?"

"ఉప్పునీళ్ళల్ల."

అప్పుడు చెప్పింది. స్టీలు తుప్పు పట్టకుండా ఉండడానికి అందులో క్రోమియం కలుపుతారు. పళ్ళెంలో ఉన్నంతకాలం అది లోహంలో బిగిసి ఉంటుంది, అందులో అన్నం తింటే ఏమీ కాదు. ఉప్పునీళ్ళలో ముంచి కరెంటు పెడితే మాత్రం విషంగా మారి నీళ్ళలోకి దిగుతుంది. ఆ పసుపు రంగు అదే. బుడగలు పగిలినప్పుడల్లా కంటికి కనపడని తుంపరగా గాలిలోకి లేస్తుంది. దానికి తోడు ఉప్పు నుంచి క్లోరిన్ వస్తుంది. నేను శుభ్రమనుకున్న వాసన అది. మూసిన గదిలో, తొట్టి మీద ముఖం పెట్టి, వారాల తరబడి పీల్చాను.

నేను నవ్వింది అప్పుడే. దగ్గు తగ్గి గోడ వదిలాక ఆమె ఇంకొక ప్రశ్న అడిగింది.

"ఆ రూంల మీతోని ఇంకెవరన్నా ఉంటుండిరా?"

వెనక్కి తిరిగి చూశాను. వెనక బల్ల మీద అత్తమ్మ నా సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. నాకు తోడుగా వచ్చింది. ఆమె కూడా దగ్గుతుంది. కొన్నేళ్ళుగా దగ్గుతూనే ఉంది, పిడకల పొగ దగ్గని మేమెవరం పట్టించుకోలేదు. ఆమెకు డెబ్బై దాటాయి. నా ఊపిరి సంగతి ఆ క్షణానే వెనక్కి పోయింది.

ఆమెకూ పరీక్షలు రాశారు. ఫలితానికి మార్చి దాకా ఆగమన్నారు. ఒక సాయంత్రం మా ఆయనతో మాట మొదలైతే లొల్లి అయింది. ఆ ఛార్జర్ పెట్టె తెచ్చింది తానేనని, రబ్బరు చాప పరిచి అంతా బాగుందనుకున్నానని, తన తల్లిని తానే అందులో పడుకోబెట్టానని అన్నాడు. నేను చదువుకున్నదాన్ని కదా అని నమ్మానన్నాడు. ఆ ఒక్క మాట గుచ్చుకుంది. అబద్ధం కాదు కాబట్టే గుచ్చుకుంది.

ఆ కోపం తీసుకుపోయి అత్తమ్మ మీద చూపాను. ఇంట్లో ఫ్యాను కింద పడుకోక ఆ కొట్టంలోకి ఎందుకొచ్చేదానివని, నిద్రపోవడానికి వేరే చోటే దొరకలేదా అని గట్టిగా అడిగాను.

"నిద్ర ఎవలు వొయ్యిన్రు?" అంది ఆమె.

నాకు అర్థం కాలేదు.

"కండ్లు మూసుకొని వింటుంటి. కరెంటు పని, ఒక్కతెవే ఉంటివి. వాడు డ్యూటీకి పోతూ పోతూ నాకు చెప్పిపోతుండె, అమ్మా జర చూస్కో, పట్టుకుంటే కట్టెతోని కొట్టు, చెయ్యి పెట్టకు అని. నువ్వు ఈక తీసుడు, పెట్టుడు సప్పుడు వినవడుతుండె. సప్పుడు ఆగితే కండ్లు తెరుస్తుంటి."

మా ఆయన తల వంచుకున్నాడు. తల్లికి కాపలా అప్పగించిన సంగతి నాకు చెప్పలేదు, చెబితే నాకు చిన్నతనంగా ఉంటుందనుకున్నాడట.

ఆ రాత్రి వరకే కాదు, ఇప్పటికీ ఆ మాట దగ్గరే నా ఆలోచన ఆగిపోతుంది. ఆయన కరెంటుకు కాపలా పెట్టాడు. ఆమె నీలం నీళ్ళను ఇంట్లోంచి పంపించింది, కట్టె పట్టుకుని కూర్చుంది. నేను ఆసిడ్‌కు దూరంగా ఉన్నాను. ముగ్గురం జాగ్రత్తగానే ఉన్నాం. ముగ్గురిలో ఒక్కరికీ గాలి గుర్తుకు రాలేదు. నాకు కాపలా కాస్తూ ఆమె ఆ గాలే పీల్చింది.

మార్చి

ఫలితం చెప్పే రోజున అత్తమ్మ కొత్త చీర కట్టుకుంది. చెడ్డ మాట వినాల్సి వస్తే పాత చీరలో వినడం తనకు ఇష్టం లేదంది. వరుసలో కూర్చున్నంతసేపూ ఆమె చేయి వదల్లేదు. నాకు గాలి విసిరిన ఆ పెద్దావిడ కోసం చూశాను, రాలేదు. వేరే రోజు వచ్చి ఉంటుందని అనుకున్నాను. అలా అనుకోవడమే మేలనిపించింది.

అత్తమ్మ ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్నాయి. పుళ్ళు లేవు, ముక్కులో గాయం లేదు. ఆమె మంచం తలుపు దగ్గర ఉండడం, కిందుగా ఉన్న ఆ తలుపు సందులోంచి కొంత గాలి రావడం మేలు చేసి ఉంటుందని డాక్టరమ్మ అంది. ఆ బలహీనతలో పిడకల పొగ వాటా ఎంత, నా తొట్టి వాటా ఎంత అని అడిగాను.

"ఎవరూ చెప్పలేరమ్మా" అంది.

ఎప్పటికప్పుడు చూపించుకుంటూ ఉండాలి, ఇద్దరమూ. ఇద్దరికీ గొట్టంతో పీల్చే మందు ఇచ్చారు. నా గొట్టం నీలంది, అత్తమ్మది కాఫీరంగుది. దారిలో ఆమె రెండూ పట్టుకుని చూసి, నీలం తనకొద్దంది. ఆ మాటకు చాలా రోజుల తరువాత, వెంట వచ్చిన మా ఆయనతో సహా ముగ్గురం నవ్వాం.

ఏప్రిల్

నేను నేర్చుకున్నవి ఇక్కడ రాస్తాను. స్టీలు పళ్ళేలను, గిన్నెలను, గరిటెలను ఈ పనికి వాడకండి. బొమ్మ చెక్కడానికే కాదు, కరెంటు రెండో తీగ తగిలించే ఎదురు రేకుగా కూడా పెట్టకండి. ఉప్పునీళ్ళు వద్దు. రాగికి మైలుతుత్తం, అదీ పుస్తకం చెప్పినంత కరెంటుతోనే, నిదానంగా. తొందరపడి పెంచితే బుడగలు, బుడగలైతే తుంపర. మైలుతుత్తం మంచిదని కాదు, అదీ విషమే, మా అత్తమ్మ దూడ సాక్షి. కానీ దాన్ని చూస్తే మనకు భయం ఉంటుంది, మూత పెడతాం, పేరు రాస్తాం, పిల్లలకు అందకుండా పెడతాం. వంటింటి వస్తువును చూస్తే ఆ భయం ఉండదు. చేతులకు గ్లౌజులు, కళ్ళకు అద్దాలు, అన్నిటికీ ముందు తెరిచిన కిటికీ. చేతి మీద పుండు మానకపోతే డాక్టరుకు మీ జబ్బు పేరు మీరే చెప్పకండి, మీ పని ఏమిటో చెప్పండి.

మిగిలిన పసుపు నీళ్ళను మోరీలో పోయవద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అంతకు ముందు పోసినవాటిని ఇక వెనక్కి తీసుకోలేను. ఉన్నవాటిని మూత బిగించిన డబ్బాలో పెట్టి, పుర్రెబొమ్మ గీసి, ఫ్యాక్టరీల విషపు చెత్త తీసుకునే చోటు కోసం మా ఆయన ఎంతోమందిని అడిగి, ఎన్నోచోట్లకు తిరిగి చివరికి అప్పగించి వచ్చాడు. కొట్టం నేలనూ గోడలనూ తడిగుడ్డలతో తుడిపించి, ఆ గుడ్డలను కూడా డబ్బాతోనే పంపాడు. గోనెసంచి కుక్కిన కిటికీ చోట గోడ పగలగొట్టించి పెద్ద కిటికీ పెట్టించాడు. గాలిని బయటికి లాగే ఫ్యాను ఎదురుగోడకు బిగించాడు.

లైబ్రరీకి వెళ్ళడానికి చాలా రోజులు మనసొప్పలేదు. వెళ్ళినరోజు లైబ్రేరియన్ సారు ఇన్నాళ్ళూ ఏమైపోయారని అడిగాడు. చెప్పాను. ఆయన ఆ బరువైన పుస్తకాన్ని అరలోంచి తీసేయమంటారా అన్నాడు. వద్దన్నాను. పుస్తకం తాను చెప్పింది సరిగానే చెప్పింది. చెప్పని చోట నేను వంటింటిని నమ్మాను. లోపల ఒక కాగితం అంటించమని అడిగాను. స్టీలు గురించి, ఉప్పు గురించి, తలుపు గురించి తెలుగులో నాలుగు ముక్కలు రాసి ఇచ్చాను. ఆయనే జిగురు తెచ్చి అంటించాడు.

ఆషాఢం

వీధిలో బోనాల డప్పులు మొదలయ్యేనాటికి నాకు ఆయాసపడి ఆగకుండా కొట్టం దాకా నడవడం వచ్చింది. పని మళ్ళీ మొదలుపెడతానని నేను అడగలేదు. అత్తమ్మే ఒక మధ్యాహ్నం కొట్టం తలుపు తెరిచి, లోపల చీపురు తిప్పి, నా రాగిరేకు తీసి బల్ల మీద పెట్టింది. ఆ రేకు మీద నుదుట తెల్లచుక్క ఉన్న బర్రె సగం గీసి ఉంది.

మైలుతుత్తం మళ్ళీ ఇంట్లోకి రావాలి కదా అన్నాను.

"తాళం పెట్టు. చెవి నాకియ్యి" అంది.

ఇప్పుడు ఆ తాళంచెవి ఆమె కొంగుకు ఉంటుంది. లోపలికి మాత్రం నేను ఆమెను రానివ్వను, డాక్టరమ్మ కూడా వద్దంది. నులక మంచం వాకిట్లోకి, వేపచెట్టు నీడకు మారింది. కొట్టం కిటికీ అక్కడి నుంచి కనిపిస్తుంది. కట్టె మాత్రం ఆమె చేతిలోనే ఉంది. కరెంటు వేసేముందు నేను గట్టిగా చెబుతాను. ఆ తరువాత ఆమె నీడలో కళ్ళు మూసుకుని, మధ్యమధ్యన కట్టెతో మంచం కోడును తడుతుంది. తట్టినప్పుడల్లా నేను పలకాలి. పలకకపోతే ఆమె లేచి వస్తుంది. అది మేము పెట్టుకున్న పద్ధతి. ఏ పుస్తకంలోనూ లేదు.

మొదటిరోజు తొట్టిలో నీళ్ళు కదలకుండా నీలంగా ఉన్నాయి. ఒక్క బుడగ కూడా లేదు. ఫ్యాను తిరుగుతోంది. ముఖం దూరంగా పెట్టి చూస్తున్నాను.

వాకిట్లో కట్టె టక్కుమంది.

"సుజాతా, ఉన్నవా?"

ఒక మాటకు ఎంత ఊపిరి కావాలో ఇప్పుడు నాకు తెలుసు. కిటికీలోంచి వస్తున్న గాలిని నిండా తీసుకున్నాను.

"ఉన్న అత్తమ్మా" అన్నాను.